చిన్న బడి మార్కుల్ని చదవడం: కొత్తగా చేరే హెచ్చెమ్‌కు

అమ్మాయీ, ఆశీస్సులు.

కనిగిరి పక్క యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూలుకు హెచ్చెమ్‌గా పోతున్నావు కాబట్టి ఇది రాస్తున్నా. ఎంఈఓ (మండల విద్యాధికారి) మీటింగులో మొదట అడిగేది "మీ బడి శాతం ఎంత?" అనే. అడిగితే చెప్పు గానీ, నువ్వు మాత్రం దాన్ని నమ్మి కూర్చోకు. ఎనిమిదో తరగతిలో 11 మంది ఉంటే ఒక్కో బిడ్డ 9 శాతం. నిరుడు 82, ఈసారి 64 అంటే బడి పడిపోయినట్టు అనిపిస్తుంది. లెక్కేస్తే తొమ్మిది మంది బదులు ఏడుగురు గట్టెక్కారు, అంతే. ఆ ఇద్దరూ పరీక్షలప్పుడు అమ్మానాన్నలతో మిరప కోతలకు పోయిన వాళ్లు కావచ్చు. అందుకే శాతం పక్కనే "11లో 7" అని రాయి. రాని వాళ్లకు సున్నా వేసి సగటు తీశారా, వదిలేసి తీశారా అన్నదీ రాయి. ఒక ఏడు అట్లా, ఇంకో ఏడు ఇట్లా తీస్తే రెండు అంకెలూ పోల్చడానికి పనికిరావు.

ఇక పిల్లలెవరో చూడు. ఐదో తరగతిలో చేరేందుకే కొందరు గురుకులానికి పోతారు. ఆరుకొచ్చేసరికి నవోదయ, ఆడపిల్లలైతే కేజీబీవీ (కస్తూర్బా బాలికా విద్యాలయం). చేతిలో నాలుగు డబ్బులున్న వాళ్లు ప్రైవేటు బడి వ్యాను ఎక్కిస్తారు. ఇంత వడపోత అయ్యాక మిగిలిన వాళ్లతో నీ ఆరో తరగతి మొదలవుతుంది. దాన్ని పక్క ఊరి హైస్కూలుతో పోల్చి నిన్నెవరైనా తక్కువ చేస్తే, ఆరులో చేరేనాటి స్థాయి ఎంత, ఇప్పుడెంత అని చూపించగలగాలి. చేరిననాటి లెక్క నీ దగ్గర లేకపోతే నోరెత్తలేవు.

అందుకే ఒక లాంగ్ రిజిస్టరు కొను. బిడ్డకొక వరుస. పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఇచ్చే శాశ్వత సంఖ్య), పుట్టిన తేదీ, ఏ ప్రైమరీ బడి నుంచి వచ్చింది, ఇంట్లో మాట్లాడే భాష, ఏ కాలనీ, ఎంత దూరం, అమ్మానాన్నల పని, ఏ నెలల్లో ఊళ్లో ఉండరు. ఈ చివరి గడి, బళ్ల వివరాలుండే ప్రభుత్వ డేటాబేసైన యూడైస్‌లో ఉండదు, నీకు మాత్రం అదే ముఖ్యం. పడమటి ఊళ్ల నుంచి బేల్దారి పనికి హైదరాబాదు, బెంగుళూరు పోయే వాళ్లు వేరు, మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు పోయే వాళ్లు వేరు. మొదటి రకం ఏడాదంతా పోతారు, బిడ్డను అవ్వ దగ్గర వదిలితే హాజరు బాగానే ఉంటుంది. రెండో రకం సంక్రాంతి దాటాక కుటుంబమంతా కదులుతుంది. ఏడాది హాజరు సగటు 80 అని మురిసిపోకు, నెలవారీగా చూడు. జనవరి దాకా 95 ఉండి ఫిబ్రవరిలో 40కి పడితే ఆ బిడ్డ పోగొట్టుకునేది సరిగ్గా చివరి పాఠాలు.

చెంచు, యానాది, సుగాలి పిల్లల కులం గడి అడగకుండా ఊహించి నింపొద్దు. ధ్రువపత్రం లేకపోతే తహసీల్దారు ఆఫీసుకు పంపు. అడ్మిషన్ రిజిస్టరులో పేరు, ఆధార్‌లో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా అపార్ (విద్యార్థి ఐడీ) దగ్గర ఆగిపోతుంది. పదో తరగతి నామినల్ రోల్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) దాకా దాన్ని నానబెట్టొద్దు.

మొదటి వారంలోనే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఐదేసి నిమిషాలు చూడు. 40 మందికి రోజుకు పదిమంది చొప్పున నాలుగు రోజులు. రెండో తరగతి తెలుగు పుస్తకంలో ఒక కథ చదివించు, రెండు లెక్కలివ్వు: 52లోంచి 37 తీసివేత, 618ని 6తో భాగహారం. మొదటిదానికి 25 అని రాస్తే చిన్న అంకెను పెద్ద అంకెలోంచి తీసేస్తున్నాడు, అప్పు తెచ్చుకోవడం రాదు. రెండోదానికి 13 వస్తే పదుల స్థానంలో సున్నా వేయడం మరిచాడు, స్థానవిలువ దగ్గరే లోపం. 103 వచ్చిన బిడ్డకు కిందితరగతి లెక్కలు మళ్లీ చెప్పి విసిగించకు. ఎక్కడ ఆగారో రిజిస్టరులో రాసి, తరగతులు కలిపి మూడు గుంపులు చెయ్యి: అక్షరాలు కూడబలుక్కునే వాళ్లు, వాక్యాలు చదివే వాళ్లు, కథ చదివే వాళ్లు. రోజుకొక పీరియడు ఈ గుంపులకే. ఆరు వారాలకు మళ్లీ అదే పరీక్ష, అంకెలు మార్చి. ఎనిమిదో తరగతి వాడిని ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుపడి బడి ఎగ్గొడతాడు, వాడికి చిన్నవాళ్ల చేత చదివించే పని అప్పజెప్పు.

ఎఫ్ఏ (ఫార్మేటివ్, అంటే ఏడాది మధ్యమధ్యలో వేసే) మార్కుల్లో ప్రాజెక్టుకూ నోటుపుస్తకానికీ అందరికీ దండిగా పడతాయి, అది మన చేతి దయ. స్లిప్ టెస్ట్ (చిన్న రాతపరీక్ష) మార్కుల్ని విడిగా తీసి, టర్ము చివర పెట్టే సమ్మేటివ్‌తో పోల్చు. రెండింటికీ మధ్య పెద్ద అగాధం ఉంటే తప్పు పిల్లలది కాదు.

టీచర్ల సంగతి. విద్యాహక్కు చట్టం 6 నుంచి 8 దాకా ప్రతి 35 మందికి ఒకరు, లెక్కలు-సైన్సుకు, సోషల్‌కు, భాషలకు కనీసం ఒక్కొక్కరు, ఏడాదికి 220 పనిదినాలు అంటుంది. పిల్లలు 100 దాటితేనే పూర్తికాలం హెచ్చెమ్. కాబట్టి నీకూ పీరియడ్లు తప్పవు, లెక్కలు నువ్వే తీసుకో.

ఎనిమిదో తరగతి వాళ్లను ఎన్ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే ప్రతిభా స్కాలర్‌షిప్) పరీక్షకు కూర్చోబెట్టు. నెగ్గితే 9 నుంచి 12 దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 తగ్గింపు. రెండు పేపర్లు, ఒక్కోటీ 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. మన పిల్లలు తడబడేది మొదటిదైన మెంటల్ ఎబిలిటీలో, అవి పాఠాల్లో ఉండే ప్రశ్నలు కావు గనక. జూన్ నుంచే రోజుకు పది ప్రశ్నలు బోర్డు మీద రాస్తే సరిపోతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ లాంగ్ రిజిస్టరు వెంట తీసుకురా. ఫిబ్రవరిలో ఎవరెవరి కుటుంబాలు కదులుతాయో ఆ పేర్ల మీద కూర్చుని, ఎవరిని అవ్వతాతల దగ్గర ఆపించగలం, ఎవరికి సీజనల్ హాస్టలు (వలస కుటుంబాల పిల్లల్ని ఆ నెలల్లో ఉంచేది) అడగాలో తేల్చుదాం.

నీ పెదనాన్న