స్క్రీన్ రీడర్ (కంప్యూటర్ తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కొత్తగా నేర్చుకునే చూపులేనివాళ్ళు గ్రూపుల్లో చిన్న చిన్న ప్రశ్నలు అడిగితే సీనియర్లు "గూగుల్ చేసుకో" అనడం తప్పా?

తప్పే. నూటికి నూరుపాళ్ళు తప్పు. ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

మాది వైజాగ్, సీతమ్మధార. రేచీకటితో మొదలై మెల్లమెల్లగా చూపంతా తినేసే జబ్బు నాది, ఆర్పీ అంటారు. ముప్పై అయిదు దాటేసరికి అక్షరాలు కనపడ్డం మానేశాయి. 2016లో పాత లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేయించుకుని నేర్చుకోవడం మొదలెట్టా. నెలన్నర తర్వాత అనుకుంటా, వేరే సెక్షన్‌కి మార్చమని మా ఆఫీసుకి ఇంగ్లీషులో లెటర్ రాస్తున్నా, నోట్‌ప్యాడ్‌లో, ఒక్కో అక్షరం వింటూ, చెరిపేస్తూ మళ్ళీ కొడుతూ, రెండు పేజీలకి రెండు గంటలు పట్టింది. ఇంక అడ్రస్ ఒక్కటే మిగిలింది. సీతమ్మధారకి ఎస్ పెద్దక్షరం కావాలి కదా అని క్యాప్స్ లాక్ నొక్కి పట్టుకుని ఎస్ కొట్టా. ఎన్‌వీడీఏ గొంతు రెండు ముక్కలేవో గబగబా అనేసి ఆగిపోయింది. ఇంక ఏ కీ నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు.

లెటర్ సేవ్ చెయ్యలేదు. ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే మాటొస్తుందేమో గానీ ఆ రెండు పేజీలూ పోతాయి. ఇంట్లో ఎవరూ లేరు, ఫ్యాన్ తిరిగే చప్పుడు తప్ప ఏమీ వినపడట్లేదు, నాకు చెమటలు పట్టేశాయి.

ఫోన్ తడుముకుని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టా, "కంప్యూటర్ మూగబోయిందండీ, ఏం చెయ్యాలి" అని. మొదటి రిప్లై, "ఇది వందసార్లు డిస్కస్ చేశాం, పైకెళ్ళి వెతుక్కోండి." రెండోది, "గూగుల్ చెయ్యండి." మూడోది, "ముందు యూజర్ గైడ్ చదవండి."

ఆ గైడ్ ఎక్కడుంది? మూగబోయిన ఆ కంప్యూటర్‌లోనే ఉంది. పోనీ ఫోన్లో వెతుకుదామన్నా దేన్ని వెతకాలి, దానికో పేరు తెలియాలి కదా? ఆ గొంతుని ఆపే, పలికించే సెట్టింగ్‌ని స్పీచ్ మోడ్ అంటారని తెలిసినవాణ్ణయితే నేను అడిగేవాణ్ణే కాదు. నా దగ్గరున్నది "మూగబోయింది" అన్న మాట ఒక్కటే.

అరగంటకి శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు, ఆయనకీ చూపు లేదు. నా పేరు కూడా అడగలేదు. "మాట పోయే ముందు ఏటి నొక్కేవు బాబూ?" అన్నారు. చెప్పా. "అదే సంగతి. ఆ రెండూ మళ్ళీ కలిపి నొక్కు, నేను లైన్లోనే ఉంటాను." నొక్కా. "స్పీచ్ మోడ్ బీప్స్" అంది. "ఇంకోసారి." "స్పీచ్ మోడ్ టాక్" అంది. "ముందు కంట్రోల్ ఎస్ కొట్టీ నాయనా, తర్వాత మాటాడుకుందాం."

అప్పుడు చెప్పారు, ఎవరో క్యాప్స్ లాక్‌ని ఎన్‌వీడీఏ కీగా, అంటే ఎన్‌వీడీఏకి పని చెప్పే కీగా పెట్టేశారని, దాంతో కలిపి ఎస్ కొడితే స్పీచ్ మోడ్ మారిపోతుందని, అలా పెట్టినప్పుడు పెద్దక్షరాల కోసం దాన్ని వెంటవెంటనే రెండుసార్లు నొక్కాలని, ఒక్క అక్షరానికైతే షిఫ్ట్ చాలని. మొత్తం నాలుగు నిమిషాలు. (2024లో ఆన్ డిమాండ్ అని ఇంకో మోడ్ కలిపారు, కాబట్టి ఇప్పుడెవరికైనా ఇలా అయితే "టాక్" అని వినపడేదాకా నొక్కుతూ ఉండండి.)

మా ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో సింహాచలం బస్సెక్కడాగుతుందని అడిగితే నన్ను ఎవరూ బోర్డు చదువుకోమనరు, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి నిలబెడతారు. గ్రూపుల్లోకొచ్చేసరికి ఆ మర్యాద ఏమైపోతుందో నాకర్థం కాదు. చూపులేనివాళ్ళ గ్రూపులో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు యాభై, దాంట్లో ఏముందో ఒక్క ముక్క రాయకుండా. సాయం చేద్దామని వచ్చిన చూపున్నవాళ్ళు "పైన కుడిపక్క ఆకుపచ్చ బటన్ నొక్కండి" అంటారు. వీటికి ఎవరికీ విసుగు రాదు, కొత్తోడి ప్రశ్నకే వస్తుంది.

అడిగిందే అడుగుతారు, ఎంతకని చెప్తాం అంటారు సీనియర్లు. చెప్పొద్దు, ఊరుకోండి, ఓపికున్నవాళ్ళు ఇంకొకరు చెప్తారు. మీరు ముందే కసిరితే ఆ మనిషి మళ్ళీ నోరు తెరవడు, లాప్‌టాప్ మూసి అటక మీద పెట్టేస్తాడు, అలా పెట్టేసినవాళ్ళు నాకు ఇద్దరు తెలుసు. ఎన్‌వీడీఏ 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్ ఆస్ట్రేలియా కుర్రాడు, తనకీ చూపు లేదు, కొనుక్కోవాల్సిన స్క్రీన్ రీడర్లు అంతంత ఖరీదుంటే ఎలాగని దీన్ని ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చింది కాబట్టే నా ఇంటిదాకా వచ్చింది. అలాంటిదాని గురించి ఒక్క ముక్క చెప్పడానికి మనం పిసినారితనం చూపిస్తే ఎలా?

మొన్న అనకాపల్లి నుంచి ఒకమ్మాయి గ్రూపులో అడిగింది, "అన్నా, ఫారంలో నా పేరు కొడుతుంటే పేజీ ఎక్కడెక్కడికో గెంతేస్తోంది" అని. బ్రౌజ్ మోడ్‌లో, అంటే అక్షరం కొడితే రాయకుండా పేజీలో అటూ ఇటూ దూకే పద్ధతిలో ఉండిపోయింది, హెచ్ కొడితే హెడింగ్‌కి, బీ కొడితే బటన్‌కి పోతుంది మరి. ఆ మాటేదీ ఎత్తకుండా, పేరు రాసే గడి దగ్గర ఎంటర్ కొట్టి అప్పుడు రాయమ్మా అన్నా. రెండు నిమిషాలకి వాయిస్ మెసేజ్, "పడిందన్నా, నా పేరు పడింది!" ఆ రాత్రి ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగింది, పదకొండు దాకా చెప్తూనే ఉన్నా.