ఐఈఎల్‌టీఎస్ వ్యాసంలో ‘నేను’ అని రాయవచ్చా?

నిస్సందేహంగా రాయవచ్చు, ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రైటింగ్ రెండో టాస్క్‌లో, అంటే వ్యాసం రాసే భాగంలో, ప్రశ్న మీ అభిప్రాయం అడిగినప్పుడు ‘ఐ’ అని వాడినందుకు మార్కులు తగ్గవు.

పరీక్షకులు చూసేవి నాలుగు అంశాలు: ప్రశ్నకు సూటిగా జవాబిచ్చారా, ఆలోచనలు ఒక వరుసలో సాగాయా, పదసంపద ఎలా ఉంది, వ్యాకరణంలో వైవిధ్యం, కచ్చితత్వం ఎంత. ‘మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?’ అని అడిగితే మీ వైఖరి మొదటి పేరా నుంచి చివరి దాకా స్పష్టంగా కనిపించాలి. ‘నేను’ను దాచాలని ‘కొందరు అంటారు’ అంటూ తిప్పి రాస్తే ఆ అభిప్రాయం ఎవరిదో తెలియదు. దెబ్బ తగిలేది అక్కడే.

విశ్వవిద్యాలయ చదువు అందరికీ ఉచితంగా ఇవ్వాలా అన్నది ప్రశ్న అనుకుందాం. ‘ఐ బిలీవ్’ అని మొదలుపెట్టి, ఫీజు రద్దు పేద విద్యార్థులకే వర్తించాలని ఒక్క వాక్యంలో చెప్పేయండి. తర్వాతి పేరాల్లో ‘నేను’ పెద్దగా అక్కర్లేదు. ఫీజుల భారం, ప్రభుత్వ ఖర్చు, చదువు మానేసే పిల్లలు, ఇవే వాక్యాలకు కర్తలు కావాలి. ప్రతి వాక్యం ‘నేను అనుకుంటున్నాను’తో మొదలైతే అది వాదనలా ఉండదు, కబుర్లలా ఉంటుంది.

చాలామంది పొరబడేది ‘ఫార్మల్’ అనే మాట దగ్గర. ఫార్మల్ అంటే బరువైన పదాలు, బట్టీ పట్టిన వాక్యాలు అనుకుంటారు. నిజానికి ‘డోంట్’కు బదులు ‘డు నాట్’, ‘కిడ్స్’కు బదులు ‘చిల్డ్రన్’ రాయడం లాంటి చిన్న జాగ్రత్తలే చాలు. బట్టీ వాక్యాలను పరీక్షకులు ఇట్టే పట్టేస్తారు, వాటికి మార్కులు దక్కవు. 40 నిమిషాల్లో కనీసం 250 పదాలు రాయాల్సిన చోట ఆ శ్రమ వృథా.