ముందు వేడి సంగతి చూడు, పికప్ తర్వాత

ఆటోనగర్, విజయవాడ

అల్లుడికి మావయ్య దీవించి రాయునది.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు మీ అత్తయ్య పక్కనే ఉండబట్టి తిట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆటోమేటిక్ బండి కొని రెండేళ్లు కాలేదు, అప్పుడే ఇంజను కంప్యూటర్‌లో అంకెలు మార్చి పవర్ పెంచే మ్యాపింగ్ చేయిస్తానంటున్నావు. నీ ఇసుజు వి-క్రాస్ ఇంజను 360 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. అది చాలక ఇంకా పెంచి, మిరప టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి ఎగిరిపోవాలని నీ ఆశ. (సొంత బండి బోర్డుతో టిక్కీలు ఎత్తడం గురించి ఎదురుగా ఉన్నప్పుడు మాట్లాడతాను.) పెంచొద్దని అనను. కానీ వరస తప్పిందంటే గేర్‌బాక్సు పోతుంది. ముందు చల్లదనం, తర్వాత ఆయిలు, ఆ తర్వాత ప్రెషర్, అన్నిటికన్నా చివర పవర్.

మాన్యువల్ బండిలో క్లచ్ జారితే నీ కాలికి తెలుస్తుంది. ఆటోమేటిక్‌లో జారితే నీకు తెలియదు, ఆయిలుకి తెలుస్తుంది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఆయిలుతో నిండిన కన్వర్టర్ ఉంటుంది. అందులో లాకప్ పడేదాకా, అంటే రెండు పక్కలూ ఒకటిగా బిగుసుకునేదాకా, ఇంజను పక్క రెక్కలు ఆయిల్ని విసురుతుంటాయి, ఆ తోపుకే బాక్సు పక్క రెక్కలు తిరుగుతాయి. రెండిటి వేగంలో తేడా ఉన్నంతసేపూ వేడి పుడుతుంది. మే నెల మధ్యాహ్నం లోడుతో బెంజి సర్కిల్ దగ్గర పాకుతున్నావనుకో. లాకప్ పడదు, ఎదురుగాలి ఉండదు. ఆయిలు 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా పనిచేస్తుంది. ఆ పైన పెరిగే ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు సగమవుతుందని మా పనివాళ్ల లెక్క. 120 దాటి నడుస్తూ పోతే ఆయిల్ని ఏ గేరుకి పంపాలో చూసే వాల్వ్ బాడీలో జిగురు పేరుకుంటుంది, సీళ్లు గట్టిపడతాయి.

కాబట్టి ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు బండి కంప్యూటర్‌కి స్కానర్ తగిలించి వారం రోజులు ఆయిలు వేడి చూడు. లోడుతో, లేకుండా, ఏసీ వేసి, ఆపి, అన్నీ రాసుకో. వేడి ఎక్కువ ఉంటే ముందు ఒక అదనపు కూలర్ పెట్టిద్దాం. ఏసీ కండెన్సర్ ముందు బిగించి, రేడియేటర్‌లో చల్లారిన ఆయిలు దాని గుండా వెళ్లి బాక్సుకి తిరిగొచ్చేలా లైను వేయాలి. రబ్బరు పైపు మామూలుది వేస్తే నేను ఊరుకోను, ట్రాన్స్‌మిషన్ ఆయిలుకి తట్టుకునేదే కావాలి.

ఇక ఆయిలు. డిప్‌స్టిక్ లేని బాక్సుల్లో లెవెల్ చూడాలంటే బండి సమంగా నిలబెట్టి, ఇంజను నడుస్తూ, కంపెనీ చెప్పిన వేడి దగ్గర ప్లగ్ తీసి చూడాలి. ఆ పని నాకు వదిలేయ్. చాంబర్, అంటే బాక్సు కింద ఆయిలు నిలిచే తొట్టి, దించితే అడుగున అయస్కాంతం ఉంటుంది. దాని మీద బూడిదరంగు పేస్టు పల్చగా ఉంటే భయం లేదు, ఏ బాక్సులోనైనా ఉంటుంది. గోటికి తగిలే ఇనుప ముక్కలు కనపడితే మాత్రం బాక్సు విప్పాల్సిందే. ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేసి వాసన చూస్తాను. మాడిన వేరుశెనగ నూనె వాసన వచ్చి, నల్లగా ఉంటే క్లచ్ ప్లేట్లు కాలినట్టే. అప్పుడు కొత్త ఆయిలు పోసినా బతకదు. రోజ్ మిల్క్‌లా కనపడిందంటే రేడియేటర్ లోపల చిల్లుపడి కూలెంట్ కలిసింది. అది ప్లేట్ల మీది లైనింగ్‌ని ఊడదీసేస్తుంది.

చాంబర్ నుంచి దించితే సగం ఆయిలు కూడా రాదు, మిగతాది చాలావరకు కన్వర్టర్‌లోనే ఉంటుంది. అందుకని మధ్యలో బండి నడుపుకుంటూ రెండు మూడు సార్లు మార్చాలి. అన్ని బండ్లకీ పనికొస్తుందని అమ్మే ఆయిలు జోలికి పోకు. నీ బాక్సుకి రాసిన గ్రేడే పోయాలి.

ప్లేట్లని నొక్కి పట్టే ఆయిలు ఒత్తిడిని లైన్ ప్రెషర్ అంటాం. అది కాస్త పెంచితే ప్లేట్లు త్వరగా పట్టుకుంటాయి, జారడం తగ్గుతుంది. గేరు పడినప్పుడు చిన్న తోపు తెలుస్తుంది, అంతవరకే మంచిది. వెనక నుంచి ఎవరో గుద్దినట్టు పడిందా, లోపల ఇనుము విరుగుతుంది. నీ మ్యాపింగ్ కుర్రాడిని ఒక్క మాట అడుగు: గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి కూడా కొత్త టార్క్ చెప్తావా, లేక ఇంజనుకి పెంచి దానికి పాత అంకెలే చూపిస్తావా? పాతవే చూపిస్తే అది తక్కువ ప్రెషర్ ఇస్తుంది, ప్లేట్లు జారుతూ కాలిపోతాయి. తెల్లమొహం వేశాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయ్. వారంటీ పోతుందన్న సంగతి, బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకుండా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉందన్న సంగతి కూడా మర్చిపోకు.

నా తప్పొకటి చెప్తాను, ఎవరితో అనకు. చాలా ఏళ్ల క్రితం ఒక లారీ ఓనరు తొందరపెడితే ఆటోమేటిక్ బాక్సు విప్పి అంతా కొత్తగా బిగించాను. ప్లేట్లు ఆయిల్లో అరగంట నానబెట్టాను, ఫీలర్ గేజ్‌తో సందులు చూశాను. డబ్బు మిగులుతుందని కన్వర్టర్ మాత్రం పాతదే పెట్టాను, కూలర్ లైనూ కడగలేదు. పాత పొడి అంతా అందులోనే ఉండిపోయింది. మూడో నెలలో బాక్సు మళ్లీ నా షెడ్డు ముందుకే వచ్చింది. కూలి నా జేబులోంచే పోయింది. రీబిల్డ్ అంటూ చేయిస్తే కన్వర్టర్, కూలర్ లైన్లు ఏమయ్యాయని ముందే అడుగు.

నడపడంలో ఒక్కటే. రివర్స్ నుంచి డ్రైవ్‌కి వేసేటప్పుడు బండి పూర్తిగా ఆగనివ్వు. శ్రీశైలం ఘాట్ దిగుతూ న్యూట్రల్ వేశావని మీ అమ్మ చెప్పింది. చేతితో కింది గేరు పట్టుకుని దిగు, బాక్సు కన్నా ముందు నీ ప్రాణం.

వచ్చే వారం రా. టిక్కీలు యార్డులో దించేసి ఖాళీ బండితో రా, స్కానర్‌లో రాసుకున్న అంకెలు పట్టుకురా. ఆయిలు నువ్వు కొనొద్దు.

ఇట్లు,
మీ మావయ్య