ఉమ్మడి సైన్యం గురించి రాసేముందు

తమ్ముడూ,

ఆఫ్రికాలోని చాద్ సరస్సు చుట్టూ బోకో హరామ్ అనే ఉగ్రవాద సంస్థతో పోరాడుతున్న పలు దేశాల ఉమ్మడి సైన్యం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ మొదటి సగమంతా సమావేశాలు, సంతకాలే. ఉమ్మడి అని బోర్డు పెట్టిన చోట నిజంగా ఎవరున్నారో వెతకడం నీ మొదటి పని.

నైజీరియాలో సరస్సు దగ్గరున్న బగా పట్టణం మీద 2015 జనవరి 3న బోకో హరామ్ చేసిన దాడినే తీసుకో. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడున్నది పేరుకు పలు దేశాల స్థావరం. ఆ రోజు నైజర్, చాద్ సైనికులు అక్కడ లేరు, ఉన్నది నైజీరియా వాళ్లే. స్థావరం పడిపోయింది, ఇళ్లు తగలబడ్డాయి, జనం పడవలెక్కి చాద్ వైపు పారిపోయారు. ఆ నెలాఖరులోనే ఆఫ్రికన్ యూనియన్ ఇప్పటి ఉమ్మడి దళానికి అనుమతిచ్చింది. ఈ రెండూ పక్కపక్కన రాస్తే ఈ దేశాలు ఎందుకు కలిశాయో నువ్వు విడిగా వివరించక్కర్లేదు.

ఆ దళం ఎలా పనిచేస్తుందో కూడా రాయి. ప్రధాన కార్యాలయం చాద్ రాజధాని ఎన్‌జమేనాలో ఉంది. నైజర్ ఉన్నంతకాలం సెక్టార్లు, అంటే విభాగాలు, నాలుగు; ఎక్కువగా ఏ దేశం సైన్యం ఆ దేశం నేల మీదే ఉండేది. నైజీరియా, నైజర్, చాద్, కామెరూన్ నాలుగింటి సరిహద్దులూ సరస్సులోనే ఉన్నాయి కాబట్టి ఒకవైపు తరిమితే బోకో హరామ్ వాళ్లు దీవుల మీదుగా ఇంకోవైపు తేలతారు. తరుముతూ పక్క దేశంలోకి ఎంతదూరం వెళ్లొచ్చు, కబురు ఎంత త్వరగా అందుతుంది, ఇవి అడుగు. ఇంతమందిని చంపారని లెక్క ఇస్తే అది సైన్యం చెప్పిన లెక్క అని రాయి.

నాకు బాధనిపించింది డిఫా ఊసే లేకపోవడం. నైజర్‌లోని ఆ ప్రాంతానికి ఎర్ర మిరప, గుంటూరుకు మిర్చి ఎంతో అంత. 2015లో ఎమర్జెన్సీ పెట్టాక, బోకో హరామ్‌కు డబ్బు అందకూడదని మిరప, చేపల వ్యాపారానికి అడ్డుకట్ట వేశారు. మోటార్‌సైకిళ్లు కూడా నిషేధించారు. కాయ కోసి ఎండబెట్టుకున్న రైతు దాన్ని ఎక్కడ అమ్ముకోవాలి? బండి మీద కిరాయి తిప్పుకునే కుర్రాడు ఏం తినాలి? అలాంటి కుర్రాళ్లకే బోకో హరామ్ డబ్బు ఎర చూపింది. కూటమి గురించి రాసేవాడు ఈ రైతు దగ్గర ఆగి తీరాలి. నీ వ్యాసంలో కనీసం రెండు పేజీలు అతనికివ్వు.

ఇంకొకటి. నైజీరియా, నైజర్, చాద్, కామెరూన్, బెనిన్ అని ఐదు దేశాలు రాశావు. దళం నుంచి తప్పుకుంటున్నట్టు నైజర్ 2025 మార్చిలో ప్రకటించింది. అది సరిచేసి, డిఫా భాగం చేర్చి మళ్లీ పంపు. చదివి రాస్తాను.

మీ అన్నయ్య