మా ఊరి కొండని ఏ అడవి కింద రాయాలి?

(చెట్టూ చేమా శీర్షిక: పాఠకుల ప్రశ్నలకి విశ్రాంత బోటనీ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, నేను ఎమ్మెస్సీ బోటనీ చివరి ఏడాది చదువుతున్నాను. మా ఊరి వెనక కొండ మీద మొక్కలే నా ప్రాజెక్టు. ‘ఉష్ణమండల అనార్ద్ర ఆకురాల్చు అడవి’ అని రాసెయ్యమని మా గైడ్ గారు అంటున్నారు. కొండెక్కితే నాకు కనిపిస్తున్నవి కలివి, పరిమి, మంగ, పుల్లేడు, లంటానా పొదలు. నిలువెత్తు చెట్టు వెతుక్కోవాలి. దీన్ని అడవి అనాలా, చిట్టడవి అనాలా?
– ఒక విద్యార్థిని, గజపతినగరం

జవాబు: గైడ్ గారితో తగువు పెట్టుకోకమ్మా. ఆయన చెప్పింది ఆ కొండకి వానా, ఎండా చూసి ఇచ్చే పేరు. నువ్వు చెప్పింది ఇవాళ కొండ మీద నిలబడి ఉన్నది. రెండూ రాయాలి, ఒకదాని వెనక ఒకటి.

మన దేశంలో అడవుల రకాలకి అందరూ పట్టుకునేది ఛాంపియన్ లెక్క. అటవీ సర్వీసులో పనిచేసిన హెచ్.జి. ఛాంపియన్ 1936లో మొదటి జాబితా వేశాడు. 1968లో ఎస్.కె. సేథ్‌తో కలిసి దాన్ని తిరగరాశాడు. మొత్తం 16 తరగతులు. గైడ్ గారు చెప్పింది అందులో ఐదోది. చాలామంది అక్కడితో పుస్తకం మూసేస్తారు. ఇంకొన్ని పేజీలు తిప్పితే అడవి రకాలకి ఇచ్చిన కోడ్‌లో ‘డీఎస్’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. నరకడం, మేపడం, తగలబెట్టడం వల్ల దిగజారిన దశలకి అది గుర్తు. 5/డీఎస్1 అంటే నువ్వు చూసిన పొదలే. ఆ లెక్కన నీ చిట్టడవి, ఆకురాల్చు అడవి దిగిన మెట్టు.

అయితే ప్రతి చిట్టడవీ దిగజారినదే అని గుడ్డిగా రాసెయ్యకు. నాకు పట్టింపు ఉన్నది ఇక్కడే. పొదల కింద నేల చూడు. చిరుమాను, నల్లమద్ది, గుంపెన, వేగిస మోడులు కనిపిస్తున్నాయా? మోడు చుట్టూ పిలకలు లేచి, వాటినీ మళ్ళీ కత్తితో కొట్టిన గుర్తులున్నాయా? ఉంటే అది చెట్లున్న అడవే, కట్టెల కోసం కొట్టీ కొట్టీ పొద అయింది. మేకలు ముట్టని మొక్కలే మిగిలాయేమో కూడా చూడు. కొడిశ, పుల్లేడు, లంటానా, ఈ మూడే కొండంతా పరుచుకుంటే మేత గట్టిగా జరిగిందని అర్థం. అలా కాకుండా, అడుగు లోతు మన్ను కూడా లేని రాతి పలక మీద, ఒక్క మోడైనా లేనిచోట పొదలుంటే, అక్కడ అంతకు మించి ఎప్పుడూ పెరగలేదేమో. దాన్ని డీఎస్ అని రాస్తే లేని అడవిని ఊహించినట్టే. మన వైపు ఖోండలైటు అనే రాతి కొండల మీద ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఊళ్ళో పెద్దవాళ్ళని కూడా అడుగు. వంటచెరుకు ఏ వైపు నుంచి దించేవారో వాళ్ళకి గుర్తుంటుంది. పోడు కొట్టిన వాలు ఏదో కూడా చెబుతారు. ఇది థీసిస్‌లో రాయదగ్గ సాక్ష్యమే, సిగ్గుపడక్కర్లేదు.

ఇక ఇవాళ్టి లెక్క. తల పైకెత్తి చూస్తే ఆకుల పందిరి నేలని ఎంతమేర కప్పిందో అంచనా వెయ్యి. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ కొలత ఇదీ: 70 శాతం, ఆపైన చాలా దట్టమైన అడవి, 40 నుంచి 70 లోపు ఓ మోస్తరు దట్టం, 10 నుంచి 40 లోపు పలచటి అడవి, 10కి తక్కువైతే పొదలు. ఈ అంకె అడవి ఎంత చిక్కగా ఉందో చెబుతుంది, అది ఏ అడవో చెప్పదు. సరుగుడు తోటకీ 70 శాతం రావచ్చు.

ఏ అడవో తేలాలంటే కలిసి పెరిగేవాటిని పట్టుకోవాలి. చెట్లకి 10 మీటర్ల చదరం, పొదలకి 5 మీటర్లు, గడ్డీగాదానికి 1 మీటరు, మొక్కలు లెక్కపెట్టడానికి గీసుకునే ఈ క్వాడ్రాట్లు నీకు తెలిసినవే. వాటిని ఎక్కడ వేస్తావన్నదే అసలు సంగతి. మన పిల్లలు దారి పక్కన, నీడ ఉన్నచోట వేస్తారు. గెడ్డ (వాగు) ఒడ్డునీ, కొండ వాలునీ ఒకే చదరంలో కలిపేస్తారు. గెడ్డ ఒడ్డున నేరేడు, ఏరుమద్ది, కానుగ ఉంటాయి. అది వేరే గుంపు. రెండూ కలిస్తే ఎక్కడా లేని అడవి ఒకటి నీ కాగితం మీద పుడుతుంది. ఉత్తరం వాలు, దక్షిణం వాలు కూడా విడివిడిగా వెయ్యి.

ప్రతి చదరంలో ఏది ఎంత కప్పిందో అంకె వెయ్యాలి. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త బ్రౌన్-బ్లాంకే పద్ధతిలో 5 శాతం లోపు 1, 25 దాకా 2, 50 దాకా 3, 75 దాకా 4, ఆపైన 5. తర్వాత ఇంటి దగ్గర పెద్ద కాగితం మీద నిలువునా చదరాలు, అడ్డంగా మొక్కలు రాసి, కలిసి వచ్చేవి పక్కపక్కకి చేరేదాకా వరసలు మార్చుకుంటూ పో. ఇప్పుడు కంప్యూటరు చేసేస్తుంది గానీ, ఒక్కసారైనా చేత్తో చేస్తే ఏ మొక్క ఏ గుంపుదో బుర్రకెక్కుతుంది. ఎక్కువగా ఉన్నదాన్నే పట్టుకుని పేరు పెట్టకు. లంటానా అన్ని గుంపుల్లోనూ దూరుతుంది, అందుకే గుంపుల్ని విడదియ్యడానికి పనికిరాదు. కొండ ఈత, చిరుమాను లాంటివి కొన్నిచోట్లే వస్తే వాటి మాట విను.

కొండకి రెండు కాలాల్లో వెళ్ళు. వానలు తగ్గాక గడ్డి, చిన్న మొక్కలు దొరుకుతాయి. మార్చి, ఏప్రిల్‌లో ఏవి పూర్తిగా ఆకు రాల్చాయో తెలుస్తుంది. ఒక్క నవంబరులోనే చూసినవాడికి ఏ కొండైనా పచ్చగానే కనిపిస్తుంది.

ప్రశ్న: మా వైపు గుగ్గిలం చెట్లున్నాయి. గోదావరి వైపు మా బంధువులు ఆ చెట్టే చూడలేదంటున్నారు. ఎందుకండీ?
– సాలూరు పాఠకుడు

జవాబు: తూర్పు కనుమల్లో గుగ్గిలం ఒడిశా వైపు నుంచి మన ఉత్తరాంధ్ర కొండల దాకా వచ్చి ఆగిపోతుంది. దిగువన గోదావరి అడవుల్లో టేకుది పెత్తనం. ఛాంపియన్ లెక్కలో పొడి నేలల గుగ్గిలం అడవి ‘ఉత్తరాది’ అనార్ద్ర ఆకురాల్చు రకంలోకి, మద్ది, చిరుమాను, వేగిస కలిసిన అడవి ‘దక్షిణాది’ రకంలోకి వెళ్తాయి. ఈ రెండూ మన కొండల్లో ఎదురుపడతాయి. గుగ్గిలం విత్తనానికి రెక్కలున్నా ఆయుష్షు తక్కువ. తొలకరికి రాలి, వారం రోజుల్లో తడి నేల దొరక్కపోతే మొలకెత్తదు. అంత తొందరలో ఉన్న విత్తనం దూరాలు పోవడం కష్టమే. చూడాలంటే మార్చిలో వెళ్ళండి. పక్క చెట్లు మోడై ఉంటే ఇది కొత్త చిగురూ, పువ్వూ కలిపి నిలబడి ఉంటుంది.

ప్రశ్న: ఉద్దానం జీడితోటల్నీ, సముద్రం ఒడ్డు సరుగుడునీ పిల్లలకి అడవులని చెప్పొచ్చా?
– ఉపాధ్యాయుడు, సోంపేట మండలం

జవాబు: ప్రభుత్వం ఉపగ్రహ పటంలో ఒక హెక్టారు దాటి, 10 శాతం పందిరి ఉంటే తోటలు కూడా అటవీ విస్తీర్ణంలో పడతాయి, మాస్టారూ. అందుకే పేపర్లో ‘అడవి పెరిగింది’ అని చదివినప్పుడు నేను ఒకసారి గొంతు సవరించుకుంటాను. సహజమైన మొక్కల గుంపు అనే లెక్కలో మాత్రం ఇవి రావు. జీడి బ్రెజిల్ చెట్టు, పోర్చుగీసువాళ్ళు తెచ్చారు. సరుగుడు మనం నాటుకున్నది.

పిల్లలకి అసలుది చూపించాలంటే సరుగుడు తోట దాటి, అలలకీ తోటకీ మధ్య ఇసకలోకి తీసుకెళ్ళండి. ముందు నేలమీద పాకే చెవులపిల్లి తీగ, ఇసకదిబ్బ మీద రావణాసురుడి మీసాలు, వాటి వెనక మొగలి పొదలు. ఉప్పుగాలి వరస కట్టించిన గుంపులివి. మనవాళ్ళ తోటలు, దారులు పడి చాలాచోట్ల తెగిపోయాయి గానీ, తెగని ముక్క ఒక్కటి దొరికినా సముద్రం నుంచి లోపలికి తాడు పట్టించి, మీటరు మీటరుకీ ఏముందో పిల్లలచేత రాయించండి. మొగలి పొదలో మాత్రం చెయ్యి పెట్టనివ్వకండి, ఆకు అంచులు కోస్తాయి.