గీజర్ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే ప్లగ్ బిగించొచ్చా?

తిరుపతిలో కొత్త గీజర్ పెట్టించాం, వాల్వ్ (లోపల ప్రెషర్ ఎక్కువైతే నీళ్లు బయటికి వదిలేది) కారుతోంది, మూసేద్దామా అని ఒకరు అడిగారు. దయచేసి ఆ పని చేయకండి. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 70 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 300 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వాటికి వెనక్కి దారి ఉండదు. దాంతో లోపల పెరిగే ప్రెషర్, వాల్వ్ మీద రాసిన అంకెకు (చాలావాటికి 8 బార్; బార్ అంటే ప్రెషర్ కొలత) చేరగానే వాల్వ్ తెరుచుకుంటుంది. ఆ చుక్కలే ట్యాంకు పగలకుండా కాపాడుతున్నాయి.

వాల్వును చన్నీళ్లు వచ్చే వైపు, బాణం గుర్తు ట్యాంకు వైపు ఉండేలా, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి. దానికీ ట్యాంకుకీ మధ్య కుళాయి అస్సలు వద్దు. చుక్కలు పడే గొట్టం కిందికి తెరిచే ఉండాలి.

మన బోరు నీళ్లకు తెల్లటి ఉప్పు పేరుకుని లోపలి స్ప్రింగ్ పట్టేస్తుంది. నెలకోసారి, గీజర్ ఆపి చల్లారాక, వాల్వ్ పిడి ఎత్తి నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. గీజర్ ఆపినా కారుతూనే ఉంటే వాల్వ్ మార్చాల్సి రావచ్చు.