సైంటిస్టుని డైరెక్టర్ పోస్టుకి రికమెండ్ చేస్తే లెటర్లో ఏం రాయాలి?

మీ పీహెచ్‌డీ గైడ్ మేడమ్‌ని ఒక సెంట్రల్ ల్యాబ్ (కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) డైరెక్టర్ పోస్టుకి రికమెండ్ చేయాలి, ఏం రాయాలో తెలీట్లేదు అన్నారు కదా. మాది బరంపురం అండి, నా సర్వీసంతా సెంట్రల్ ల్యాబ్‌లోనే, మా డివిజన్ హెడ్ గారు ఇలాంటి పోస్టుకే అప్లై చేసినప్పుడు రిఫరీల్లో, అంటే ఆయన గురించి కమిటీకి చెప్పేవాళ్ళలో, నా పేరు కూడా ఇచ్చారు.

ముందు మేడమ్‌ని అడగండి. సర్వీసులో ఉన్నవాళ్ళయితే ప్రాపర్ ఛానల్లోనే, అంటే పనిచేసే ఆఫీసు ద్వారానే అప్లై చేయాలి, ఆరోపణలేమీ లేవని విజిలెన్స్ క్లియరెన్స్ కావాలి, పైగా డైరెక్టర్ అయితే సొంత రీసెర్చ్‌కి టైమ్ మిగలదు, అన్నీ ఆలోచించుకుని ఆవిడ సరే అనాలి. నోటిఫికేషన్లో వయసు లిమిట్ చూడండి, వేరేవాళ్ళు పేరు సూచించే నామినేషన్లు తీసుకుంటారో లేదో కూడా.

ఇక లెటర్. పేపర్లెన్ని, హెచ్ ఇండెక్స్ (పేపర్లని ఇతరులు ఎంత ఉదహరించారో చెప్పే కొలత) ఎంత అనేది బయోడేటాలోనే ఉంటుంది, మీరు కళ్ళారా చూసింది రాయండి. మా డివిజన్ హెడ్ సార్ గురించి నేనేం రాశానంటే, మూలన పడున్న మెషీన్‌ని బాగుచేయించి టెక్నీషియన్లకి ట్రైనింగ్ ఇప్పించి బయటి కాలేజీల శాంపిల్స్ కూడా తీసుకునేలా చేశారు, ఆడిట్ అభ్యంతరం వస్తే స్టోర్స్ వాళ్ళ మీదకి నెట్టకుండా తనే జవాబిచ్చారు అని. తర్వాత కమిటీలోంచి ఒకాయన ఫోన్ చేసి పేపర్ల ఊసే ఎత్తలేదు, కాదన్నవాళ్ళతో ఈయన ఎలా ఉంటారు అనడిగారు. రివ్యూ మీటింగ్‌లో మా సార్ ప్రాజెక్టుని నేను గట్టిగా వ్యతిరేకిస్తే, ఆ అభ్యంతరాలన్నీ నాతోనే రాయించి ప్రపోజల్లో పెట్టుకున్నారు, అదే చెప్పాను.

తోలు శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ గారు 1971లో సీఎస్ఐఆర్ (దేశమంతా ల్యాబ్‌లు నడిపే కేంద్ర సంస్థ) డీజీ, అంటే డైరెక్టర్ జనరల్ అయ్యే నాటికే మద్రాసులో తోలు పరిశోధన సంస్థకి ఏళ్ళ తరబడి డైరెక్టర్‌గా చేసి, ల్యాబ్ పనిని తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళ దాకా తీసుకెళ్ళారు. మీ మేడమ్ దగ్గర అలాంటి పని ఏముందో వెతకండి.

ఇంకోటి, మన ఒడిశాలో గంజాం, రాయగడ వైపు తెలుగువాళ్ళ పేర్లు ఢిల్లీలో ఎవరు పట్టించుకుంటారు అని రాశారు. సైంటిస్టు కలైసెల్వి గారు చదివింది తమిళ మీడియంలో, తమిళనాడులోని కారైకుడి సీఎస్ఐఆర్ ల్యాబ్‌లో కింది స్థాయి సైంటిస్టుగా చేరి అదే ల్యాబ్‌కి డైరెక్టరై 2022లో సీఎస్ఐఆర్‌కి మొదటి మహిళా డీజీ అయ్యారు. కాబట్టి ధైర్యంగా పంపండి, కానీ మన ప్రాంతం, మన భాష అనే మాట లెటర్లో వద్దు.

ఎంపీ గారితో ఒక లెటర్ ఇప్పిస్తే అన్నారు, అది మాత్రం అస్సలు చేయకండి. సర్వీసు విషయాల్లో బయట నుంచి ఒత్తిడి తెప్పించడం కేంద్ర ఉద్యోగుల 1964 కండక్ట్ రూల్స్ (ప్రవర్తనా నియమాలు) ప్రకారం తప్పు, మీరు మంచికే చేసినా సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆవిడే.